పాత కార్ల పత్రిక డిజిటల్ ఆర్కైవ్ నిరాశపరిస్తే ఏం చేయాలి?

ఇష్టమైన కార్ల పత్రిక మొదటి సంచిక నుంచి చివరి సంచిక దాకా ఒకే డిస్కులోనో, ఒకే చందాతోనో చేతికి వస్తుందంటే, కార్ల పిచ్చి ఉన్నవారెవరూ రెండోసారి ఆలోచించరు. నేనూ ఆలోచించలేదు. అలమారాలో రెండు అరలు నిండిన కాగితపు సంచికలను ఒక మిత్రుడికి ఇచ్చేసి, ఆ వారమే ఆర్కైవ్ తెరిచి, పాత ఆరు సిలిండర్ల ఇంజనుకు వాల్వు క్లియరెన్స్, అంటే వాల్వుకూ దాన్ని కదిపే భాగానికీ మధ్య ఉండవలసిన సందు, సరిచేసే విధానం చెప్పిన వ్యాసం కోసం వెతికాను. సెర్చ్ పెట్టెలో పదం కొడితే రాలేదు. సంచికలను ఒక్కొక్కటిగా తిరగేస్తే దొరికింది. తీరా దొరికాక, పట్టికలోని చివరి అంకె మూడో ఎనిమిదో తేల్చుకోలేకపోయాను. అంగుళంలో వెయ్యో వంతుల్లో కొలిచే ఆ సందు మూడుకు బదులు ఎనిమిది ఉంటే వాల్వు చక్కగా మూసుకుంటుంది. ఎనిమిది ఉండవలసిన చోట మూడు పెడితే పూర్తిగా మూసుకోక కొన్నాళ్లకు కాలిపోతుంది.

ఇలాంటి ఆర్కైవ్‌ను జ్ఞాపకాల ఆల్బమ్‌గా కాక, గ్యారేజీలో వాడే పనిముట్టుగా పరీక్షించాలన్నది ఆ అనుభవం తర్వాత నేను ఏర్పరచుకున్న పద్ధతి. కొనేముందు ఏం చూడాలో, కొన్నాక లోపాలు బయటపడితే వాటిని ఎలా నిర్ధారించుకోవాలో, ఉన్నదాన్ని పనికి వచ్చేలా ఎలా మలచుకోవాలో ఇక్కడ వివరిస్తున్నాను.

అమ్మేవారు నమూనాగా చూపే పుట సాధారణంగా ముఖచిత్రమో, నిండు రంగుల్లో ఉన్న పెద్ద ఫొటోనో అయి ఉంటుంది. దాన్ని చూసి ఏమీ తెలియదు, ఎందుకంటే ఎంత నాసిరకం స్కానులోనైనా ఎర్రటి స్పోర్ట్స్ కారు అందంగానే కనిపిస్తుంది. మీరు అడగవలసినవి మూడు పుటలు: రోడ్ టెస్టు చివర చిన్న అక్షరాల్లో ఉండే సాంకేతిక వివరాల పట్టిక, రెండు పుటలకు పరుచుకున్న వైరింగ్ డయాగ్రామ్, వరుస ప్రకటనలతో కిక్కిరిసిన చివరి పుటల్లో ఏదో ఒకటి. నమూనా ఇవ్వకపోతే, డబ్బు వాపసు ఇచ్చే గడువు ఎన్నాళ్లో తెలుసుకుని, కొన్న మొదటి రోజే ఆ మూడు పుటలూ తెరవండి. అదే సంచిక కాగితపు ప్రతి మీ దగ్గర ఉంటే పక్కన పెట్టుకుని పోల్చండి. ఈ పని ముగిసేదాకా కాగితపు సంచికల్లో ఒక్కటి కూడా ఇల్లు దాటకూడదు.

పట్టికలోని అంకెలు చదవగలమా లేదా అన్నది కంటిచూపు కన్నా ముందు లెక్కకు సంబంధించిన విషయం. అలాంటి పట్టికలను చాలా పత్రికలు సుమారు 6 పాయింట్ల అక్షరాల్లో ముద్రించేవి. 72 పాయింట్లు ఒక అంగుళం. అక్షరం పరిమాణంలో అంకె ఎత్తు దాదాపు పదింట ఏడు వంతులు కాబట్టి, 6 పాయింట్ల అంకె కాగితం మీద 0.058 అంగుళాల ఎత్తు ఉంటుంది. అంగుళానికి 300 పిక్సెళ్ల చొప్పున స్కాన్ చేస్తే ఆ అంకెకు 17 పిక్సెళ్లు దక్కుతాయి, 150 చొప్పున చేస్తే తొమ్మిది కూడా దక్కవు, 100 చొప్పున చేస్తే ఆరులోపే. తొమ్మిది పిక్సెళ్లలో మూడుకీ ఎనిమిదికీ మధ్య మిగిలే తేడా రెండు మూడు బూడిదరంగు చుక్కలు మాత్రమే, ఆ చుక్కలను ఫైలు కుదింపు చెరిపేస్తుంది. ఏ4 పుట పూర్తి వెడల్పు, ఎత్తులు 300 రిజల్యూషన్‌లో 2480, 3508 పిక్సెళ్లు ఉండాలి. మీ ఆర్కైవ్‌లో 1240, 1754 దగ్గర ఉంటే సగం రిజల్యూషన్ మాత్రమే మీకు ఇచ్చారని అర్థం.

ఈ సంఖ్యలను తెలుసుకోవడానికి, ఫైళ్లు పీడీఎఫ్ రూపంలో ఉంటే, పాప్లర్ అనే ఉచిత ఉపకరణాల్లో భాగమైన పీడీఎఫ్‌ఇమేజెస్ చాలు. బొమ్మల జాబితా చూపమని అడిగితే, ఒక్కొక్క పుటలోని బొమ్మ ఎన్ని పిక్సెళ్లో, అంగుళానికి ఎన్నో, ఏ పద్ధతిలో కుదించారో వరుసగా చెబుతుంది. అయితే ఆ సంఖ్యను కూడా గుడ్డిగా నమ్మవద్దు. తక్కువ రిజల్యూషన్‌లో తీసిన స్కానును సాగదీసి 300గా చూపించడం అసాధ్యమేమీ కాదు. తెర మీద పుటను 400 శాతానికి పెంచి అక్షరాల అంచులు చూడండి. నిజమైన 300లో అంచు ఒకటి రెండు పిక్సెళ్లలో తెగిపోతుంది, సాగదీసినదానిలో మంచులో నిలబడ్డట్టు అక్షరం చుట్టూ మసక పరుచుకుని ఉంటుంది.

పుటలు తగ్గాయా లేదా తెలుసుకోవడానికి ఒక సులభమైన కిటుకు ఉంది. మధ్యలో పిన్నులు కొట్టి కుట్టిన పత్రికలో ఒక కాగితాన్ని మడిస్తే నాలుగు పుటలు వస్తాయి. అందుచేత అట్టతో కలిపి లెక్కిస్తే మొత్తం పుటల సంఖ్య నాలుగుతో నిశ్శేషంగా భాగించబడాలి. వీపుకు జిగురు పూసి అతికించిన మందపాటి సంచికల్లోనూ ఫారాలు (కలిపి మడిచిన కాగితాల కట్టలు) సాధారణంగా నాలుగు గుణిజాల్లోనే ఉంటాయి. పీడీఎఫ్‌లో 118 పుటలు కనిపిస్తే రెండు పుటలు ఎక్కడో జారిపోయాయని, లేదా విడిగా చొప్పించిన కాగితాన్ని లెక్కలో కలిపారని అనుమానించవచ్చు. మడత విప్పితే పెద్దదయ్యే పోస్టర్లు, కారు లోపలి భాగాలు కనబడేలా కోసి చూపినట్లు గీసిన చిత్రాలు, విడి అనుబంధాలు ముందుగా మాయమయ్యేవి. స్కాన్ చేసినవారికి అవి అడ్డం, మనకు అవే ప్రాణం.

రెండు పుటలకు పరుచుకున్న చిత్రాల విషయంలో ఇంకొక బాధ. పత్రికను విప్పదీయకుండా అద్దం మీద బోర్లించి స్కాన్ చేస్తే, నడుమ మడతలో అటు నాలుగు మిల్లీమీటర్లు, ఇటు నాలుగు మిల్లీమీటర్లు నీడలోకి పోతాయి. ఫొటో అయితే సర్దుకుపోవచ్చు. వైరింగ్ డయాగ్రామ్‌లో మాత్రం ఎడమ పుట నుంచి బయలుదేరిన తీగ కుడి పుటలో ఏ తీగగా తేలిందో చెప్పడం బ్రహ్మతరం కాదు. అదే డయాగ్రామ్‌ను ఖర్చు తగ్గించడానికి నలుపు తెలుపుల్లో స్కాన్ చేసి ఉంటే, తీగల రంగులు కూడా పోయినట్టే. ఆ ఆర్కైవ్‌తో విద్యుత్ పని మొదలుపెట్టవద్దు.

ఇంత తెలిసినవారు ఇంత అధ్వానంగా ఎందుకు చేశారన్న ప్రశ్నకు సగం జవాబు డిస్కు పరిమాణంలోనే ఉంది. నెలకొక సంచిక, సంచికకు 100 పుటలు అనుకుంటే ముప్ఫై ఏళ్లకు 36,000 పుటలు. వాటిని 4.7 గిగాబైట్ల డీవీడీ ఒక్కదానిలో ఇరికించాలంటే పుటకు దక్కేది సుమారు 130 కిలోబైట్లు, 700 మెగాబైట్ల సీడీలోనైతే ఇరవై కూడా దక్కవు. 300 రిజల్యూషన్‌లో ఒక రంగుల ఏ4 పుట కుదించకముందు 26 మెగాబైట్లు ఉంటుంది. రెండు వందల రెట్లు పిండిన పుటలో పట్టిక అంకెలు బతికి బయటపడాలని ఆశించడం మన అమాయకత్వం. డిస్కుల కాలం పోయి ఫైళ్లు సర్వర్ల మీదికి చేరాక కూడా, చాలా చోట్ల కొత్తగా స్కాన్ చేయకుండా ఆనాటి పిండిన ఫైళ్లనే అందిస్తుంటారు. అందుకే డిస్కులో ఉన్నదీ చందా కట్టి చూసేదీ ఒకే స్కానా అన్న ప్రశ్న ముందే అడగాలి.

వ్యాసాలే కనిపించకపోవడానికి కారణం వేరు. స్వతంత్ర రచయితల వ్యాసాలను వారి అనుమతి లేకుండా ఎలక్ట్రానిక్ డేటాబేసుల్లో విడివిడిగా పెట్టడం చెల్లదని అమెరికా సుప్రీంకోర్టు 2001లో టసీని కేసులో తీర్పు చెప్పింది. సంచికను ఉన్నది ఉన్నట్టు, ప్రకటనలతో సహా, పుటల బొమ్మలుగా పునరుత్పత్తి చేస్తే అది పాత సంచిక సవరించిన రూపమే అవుతుందని నేషనల్ జియోగ్రాఫిక్ సీడీల మీద వచ్చిన దావాల్లో అక్కడి అప్పీలు కోర్టులు 2005లోనూ 2008లోనూ అంగీకరించాయి. కాబట్టి పుటల బొమ్మలతో కూడిన ఆర్కైవ్‌లో పాత టైర్ల ప్రకటనలు ఉండటం లోపం కాదు, అవి ఉండటమే మంచి లక్షణం. విడి వ్యాసాలుగా విడగొట్టిన ఆర్కైవ్‌లో ఖాళీలు ఉండే అవకాశం ఎక్కువ. ప్రకటనలు తీసివేసి ‘శుభ్రపరిచాం’ అని చెప్పుకునేవారిని నేను నమ్మను. ఆనాడు ఏ విడిభాగం ఎవరు తయారుచేశారో చాలాసార్లు ఆ ప్రకటనల వల్లే తెలుస్తుంది.

ఇక పుటలు తిప్పినట్టు చప్పుడు చేస్తూ కదిలే అలంకారపు రీడర్ల గురించి ఎంత తక్కువ చెబితే అంత మంచిది. అడోబీ ఫ్లాష్ ప్లేయర్ అనే పాత ప్రోగ్రాము మీద ఆధారపడినవి 2020 డిసెంబరు 31తో అనాథలయ్యాయి, ఆపైన 2021 జనవరి 12 నుంచి ఆ ప్లేయర్ తనంతట తానే ఆగిపోయేలా చేశారు. పదహారు బిట్ల ప్రోగ్రాముతో వచ్చిన తొలినాటి సీడీలు 64 బిట్ల విండోస్‌లో తెరుచుకోవు. ముప్ఫై రెండు బిట్ల ప్రోగ్రాములను 2019లో వచ్చిన మ్యాక్ఓఎస్ కేటలీనా వదిలేసింది. సొంత రీడర్ లేకుండా, సాధారణ పీడీఎఫ్ లేదా బొమ్మల ఫైళ్లు ఇస్తారా అన్నది రిజల్యూషన్ తర్వాత అడగవలసిన రెండో ప్రశ్న. మీ దగ్గర పాత డిస్కు ఉంటే, రీడర్ పని చేయకపోయినా, డిస్కులోని ఫోల్డర్లు ఒకసారి తెరిచి చూడండి. పుటలు మామూలు జేపెగ్ ఫైళ్లుగా లోపలే పడి ఉండటం అరుదేమీ కాదు.

ఇప్పుడు సెర్చ్ సంగతి. స్కాన్ చేసిన బొమ్మ వెనుక కంటికి కనబడని అక్షరాల పొర ఒకటి ఉంటుంది, సెర్చ్ పెట్టె వెతికేది ఆ పొరలోనే. ఆ పొరను తయారుచేసిన అక్షర గుర్తింపు ప్రోగ్రాము నవలల మీద బాగా పని చేస్తుంది గాని, మూడు కాలమ్‌లు, ఫొటో మీద తెల్లని అక్షరాలు, వంకరగా పెట్టిన శీర్షికలతో నిండిన కార్ల పత్రిక దగ్గర తడబడుతుంది. పోర్షే 911 కారు పేరులోని ఒకట్లను అది ఎల్ అక్షరాలుగా చదవవచ్చు. వెబర్ 40 డీసీఓఈ కార్బురేటర్ పేరులో సున్నానూ ఓ అక్షరాన్నీ తారుమారు చేయవచ్చు. పంక్తి చివర హైఫన్‌తో విరిగిన పదం రెండు ముక్కలుగానే మిగిలిపోతుంది, పక్కపక్క కాలమ్‌ల పంక్తులు కలిసిపోతే పదబంధం కోసం వెతకడం వృథా. అందుచేత మోడల్ సంఖ్యతో కాక, ఆ వ్యాసంలో తప్పక వచ్చే పొడవైన, అరుదైన ఒక్క పదంతో వెతకండి. సంఖ్యతోనే వెతకవలసి వస్తే తారుమారైన రూపాలన్నీ ఒక్కొక్కటిగా ప్రయత్నించండి. అదీ కుదరకపోతే ఏడాది చివరి సంచికను, మరుసటి ఏడాది తొలి సంచికను తెరిచి చూడండి. కొన్ని పత్రికలు అక్కడ వార్షిక విషయసూచిక ముద్రించేవి, మనుషులు కూర్చి అచ్చు వేసిన ఆ సూచిక ఏ ప్రోగ్రాము కన్నా నమ్మదగినది.

అక్షరాల పొర మరీ దయనీయంగా ఉంటే, ఫైళ్లకు తాళం లేకపోతే, దాన్ని మీరే కొత్తగా వేసుకోవచ్చు. ఓసీఆర్‌మైపీడీఎఫ్ అనే ఉచిత ప్రోగ్రాము, టెసెరాక్ట్ అనే అక్షర గుర్తింపు ప్రోగ్రామును ఉపయోగించి ఈ పని చేస్తుంది. టెసెరాక్ట్ 1985లో హ్యూలెట్ ప్యాకార్డ్ ప్రయోగశాలల్లో పుట్టి, 2005లో అందరికీ బాహాటంగా విడుదలైంది. ఈ పనిలో జాగ్రత్తపడవలసింది ఒక్కటే: బలవంతంగా మొత్తం మళ్లీ చేయమని చెప్పే ఎంపిక పుటల బొమ్మలను కూడా తిరగరాస్తుంది, ఉన్న నాణ్యత ఇంకాస్త తగ్గవచ్చు. పాత అక్షరాల పొరను మాత్రమే తీసివేసి కొత్తది పెట్టే ఎంపిక విడిగా ఉంది, దాన్నే వాడండి. ముందు అసలు ఫైళ్ల నకలు వేరే చోట భద్రపరిచి, ఒక్క సంచికతో ప్రయత్నించి, పాత సెర్చ్ మిస్సైన పదం దొరుకుతోందో లేదో చూసి, అప్పుడు మిగతావాటి జోలికి వెళ్లండి. తాళం వేసిన ఫైళ్లను విప్పడం, సొంతానికి నకలు తీసుకోవడం మీ దేశపు చట్టంలో ఎంతవరకు చెల్లుతాయో తెలుసుకోకుండా చేయవద్దు.

ఇంత చేసినా, చివరికి నాకు అక్కరకు వచ్చింది నేను చేత్తో తయారుచేసుకున్న పట్టికే. స్ప్రెడ్‌షీట్‌లో సంచిక నెల, ఏడాది, అచ్చు పుట సంఖ్య, పీడీఎఫ్ పుట సంఖ్య, కారు, విషయం అన్న గడులు పెట్టుకున్నాను. పుట సంఖ్యలు రెండూ రాసుకోవాలి. అట్టను ఒకటో పుటగా లెక్కించే పత్రికలున్నాయి, లెక్కించనివీ ఉన్నాయి, మధ్యలో సంఖ్య లేని ప్రకటనల కాగితాలు వచ్చి వరుస తప్పిస్తాయి. మొత్తం పత్రికకు సూచిక రాద్దామని కూర్చుంటే మూడో ఏడాది సంచికల దగ్గరే విసుగు పుడుతుంది. మీ కారుకు, మీరు చేసే పనికి సంబంధించిన వ్యాసాలను తారసపడినప్పుడల్లా చేర్చుకుంటూ పోతే సరిపోతుంది.

ఆ పట్టికలో మరొక గడి తప్పనిసరి: సవరణ. మాసపత్రికలో ఒక కొలత తప్పుగా పడితే, పాఠకుల ఉత్తరాలు అందేసరికి తర్వాతి సంచిక అచ్చుకు వెళ్లిపోయి ఉంటుంది, కాబట్టి సవరణ రెండు మూడు నెలల తర్వాత ఉత్తరాల పుటలో ఏ మూలనో వస్తుంది. డిజిటల్ ఆర్కైవ్ మనల్ని నేరుగా వ్యాసం దగ్గరకు తీసుకుపోతుంది గాని ఆ సవరణ దగ్గరకు తీసుకుపోదు. సంచికలను వరుసగా చదివిన పాత చందాదారుకు అది కంటపడేది. మరమ్మతు విధానం ఏది దొరికినా, ఆ తర్వాతి నాలుగు సంచికల ఉత్తరాల పుటలు చదివాకే పానా పట్టుకోండి.

అంకెల విషయంలో అంతకు మించిన అనుమానం అవసరం. మసకగా ఉన్న అంకె మనల్ని హెచ్చరిస్తుంది, స్పష్టంగా కనబడే తప్పు అంకె మాత్రం ఏ హెచ్చరికా ఇవ్వదు. నలుపు తెలుపు పుటలను కుదించే జేబిగ్2 అనే పద్ధతిలో, ఒకే రకంగా ఉన్న అక్షరాలను ఒక్కసారి మాత్రమే భద్రపరిచి, అది వచ్చిన చోటల్లా అదే బొమ్మను అతికించే వెసులుబాటు ఉంది. రెండు అంకెలు కాస్త దగ్గరగా కనిపిస్తే, ఒకదాని స్థానంలో మరొకటి పడుతుంది. 2013లో జర్మన్ కంప్యూటర్ శాస్త్రవేత్త డేవిడ్ క్రీజల్, కార్యాలయాల్లో వాడే ఒక రకం స్కానింగ్ యంత్రాలు ఇలాగే ఇంటి ప్లానులోని గదుల వైశాల్యాలను మార్చేస్తున్నాయని, ఆరును ఎనిమిదిగా చూపుతున్నాయని బయటపెట్టారు. ఆ అంకెలు చెరిగినట్టు కనబడలేదు, నిగనిగలాడుతూ తప్పుగా ఉన్నాయి. పీడీఎఫ్‌ఇమేజెస్ జాబితాలో మీ పుటల ఎదుట జేబిగ్2 అని కనిపిస్తే, ఆ ఆర్కైవ్‌లోని ఏ కొలతనూ ఒంటరి సాక్ష్యంగా తీసుకోవద్దు.

రెండో సాక్ష్యం చాలాసార్లు అదే పుటలో ఉంటుంది. బోల్టు బిగింపును పౌండ్-అడుగుల్లోనూ న్యూటన్-మీటర్లలోనూ ఇచ్చి ఉంటే, మొదటిదాన్ని 1.356తో గుణించి చూడండి: 58 పౌండ్-అడుగులు దాదాపు 79 న్యూటన్-మీటర్లు కావాలి. క్లియరెన్స్ అంగుళాల్లో 0.008 అని ఉంటే మిల్లీమీటర్లలో 0.20 ఉండాలి, 0.003 అయితే 0.08 ఉండాలి. దశాంశ బిందువు అన్నిటికన్నా ముందు చెరిగిపోయేది కాబట్టి, ఈ లెక్క బిందువు ఎక్కడిదో కూడా తేలుస్తుంది. ఫైరింగ్ ఆర్డర్ (సిలిండర్లలో ఇంధనం మండే వరుస) అయితే ప్రతి సిలిండర్ అంకె ఒక్కసారే రావాలి, 1-5-3-6-2-4లో ఆరు మసకబారి ఎనిమిదిగా కనిపించినా మోసపోము. ఒక్క ప్రమాణంలోనే ఇచ్చిన కొలతకు తయారీదారు వర్క్‌షాప్ మాన్యువల్ తప్ప వేరే దారి లేదు.

ఫిర్యాదు రాయవలసి వస్తే, ‘నాణ్యత బాగాలేదు’ అన్న వాక్యంతో ఏమీ జరగదు. సంచిక, అచ్చు పుట, లోపం అన్న వరుసలో ఓ పది ఉదాహరణలు రాసి, అదే పట్టికను కాగితపు ప్రతి నుంచి తీసిన ఫొటోనూ, ఆర్కైవ్ నుంచి తీసిన బొమ్మనూ పక్కపక్కన జతచేసి, మీకు కావలసింది డబ్బు వాపసా, లేక తిరిగి స్కాన్ చేసిన పుటలా అన్నది స్పష్టంగా అడగండి. నా ఉత్తరానికి మొదట అచ్చువేసిన క్షమాపణ వచ్చింది. పదకొండు పుటల జాబితాతో మళ్లీ రాస్తే, అందులో ఏడు పుటలు సరిచేసి పంపారు. స్కాన్ చేసినవారు పత్రికవారు కాక బయటి సంస్థ కావచ్చు, లోపం పత్రికవారికి నిజంగానే తెలియకపోయి ఉండవచ్చు.

మిగిలిన లోటును భర్తీ చేయవలసింది కాగితమే. మోటర్ ట్రెండ్ గ్రూపు 2019 డిసెంబరులో తన 22 ముద్రిత పత్రికల్లో 19ని నిలిపివేస్తున్నట్లు ఒక్కసారిగా ప్రకటించింది. అలా ఆగిపోయిన పత్రికను ఎవరో మళ్లీ మంచిగా స్కాన్ చేస్తారని ఎదురుచూడటం అనవసరం. మీకు అవసరమైన సంచికలను గ్రంథాలయాల నుంచో, అదే కారున్న క్లబ్బు సభ్యుల నుంచో తీసుకుని, ఆ కొన్ని పుటలనే మీ అవసరానికి స్కాన్ చేసుకోండి. పట్టికలకూ డయాగ్రామ్‌లకూ 600 పెట్టండి. అంత ఎక్కువలో తీసి తర్వాత తగ్గిస్తే, అచ్చులోని చుక్కల జాలీ వల్ల ఫొటోల మీద కనబడే అలల చారలు కూడా చాలావరకు తగ్గుతాయి. పలుచని కాగితం వెనుక వైపు అచ్చు ముందుకు కనబడకుండా, పుట వెనుక నల్లని కాగితం ఒకటి ఉంచండి. మడతలోని భాగం కోసం పత్రిక నడుము విరిచే బదులు, మధ్య పిన్నులు మెల్లగా విప్పి, కాగితాన్ని పూర్తిగా పరిచి, పని అయ్యాక తిరిగి అవే రంధ్రాల్లో గుచ్చవచ్చు.

నేను ఆ వాల్వు వ్యాసం కోసం మిత్రుడి ఇంటికి వెళ్లి, ఒకప్పటి నా సంచికనే అరువడిగి తెచ్చుకున్నాను. అంకె ఎనిమిది. ఆర్కైవ్‌లోని అక్షరాల పొర దాన్ని బీ అని చదివిందని తర్వాత గమనించాను. స్కాన్ చేసుకున్న పుటను పట్టికలో నమోదు చేసి, సంచికను తిరిగి ఇచ్చేటప్పుడు, మిగతా కట్టను ఎవరికైనా ఇవ్వాలనుకుంటే ముందు నాకు చెప్పమని అడిగి వచ్చాను.